మూతిలో నాలుగు పళ్ళు

వానలు వెనకబడుతున్న రోజుల్లో ఒడిశాలోని రాయగడ చుట్టుపక్కల ఏ పాత మామిడితోపులోకైనా వెళ్ళండి. చెట్టు మొదట్లో పైన ఎండి ఉన్న ఆకును పక్కకి నెట్టి, అడుగున తడిగా మాగిన ఆకును రెండు దోసిళ్ళు జల్లెడలో వేసి కుదపండి. కింద పరిచిన తెల్లగుడ్డ మీద మట్టి రాలుతుంది. దాంతోపాటు చీమలు, జెర్రిపిల్లలు, గడ్డివిత్తనాల పొట్టు, ఏ పురుగువో విరిగిన రెక్కలు. వీటి మధ్య తెల్లగా, సన్నగా, నున్నగా మెరిసే గింజ ఒకటి ఉండవచ్చు. అక్కడి జయపురం కొండలు వరి వంగడాల వైవిధ్యానికి పేరుపడ్డవి కాబట్టి దాన్ని బియ్యపు గింజ అనుకుని ఊదేసినా ఎవరూ తప్పు పట్టరు. భూతద్దం కిందకి తెస్తే మాత్రం ఆ గింజకు చుట్లు కనిపిస్తాయి. ఒక కొసన నోరుంటుంది. ఆ నోట్లో నాలుగు పళ్ళుంటాయి.

దీని పేరు హట్టొనెల్లా బైకలర్. నేల మీద బతికే నత్త. ఎత్తు 5 నుంచి 7 మిల్లీమీటర్లు, వెడల్పు 2 మిల్లీమీటర్ల లోపు. పూర్తిగా పెరిగినా ఇంతే. మన దేశంలో వెయ్యికి పైగా నేలనత్త జాతుల్ని శాస్త్రజ్ఞులు లెక్కకెక్కించారు. వాటిలో చాలా భాగం గోరు మీద పట్టేంత చిన్నవే. వాటిని గుర్తుపట్టడం ఎలాగో నేర్చుకోవడానికి ఈ గుల్ల మంచి ఒజ్జ. ఎందుకంటే గుల్లను చూసి ఎంతవరకు చెప్పవచ్చో, ఎక్కడ నోరు మూసుకోవాలో రెండూ ఇదే నేర్పుతుంది.

పళ్ళు అన్నాను గానీ అవి నమిలే పళ్ళు కావు. నత్తకు అసలు పళ్ళు నాలుక మీద ఉంటాయి. రాడ్యులా అనే పట్టీ మీద వరసలు వరసలుగా, మైక్రోస్కోపులో తప్ప తెలియనంత సన్నగా ఉంటాయి. గుల్ల మూతిలో కనిపించేవి సున్నపు బుడిపెలు. నత్త తన ఒంటి అంచుతో గుల్లను కట్టుకుంటూ వచ్చి, ఇక పెరగడం చాలించే దశలో మూతి అంచును మందంగా బయటికి మడుస్తుంది. లోపలి గోడల మీద ఈ బుడిపెలు పోస్తుంది. ఒకటి పైగోడ మీద, ఒకటి గుల్ల నడిమి స్తంభమైన ఇరుసు వైపు, ఒకటి బయటి పెదవి లోపల, ఒకటి అడుగున. దారి ఇరుకైతే గుల్లలోకి దూరి తినే పురుగులకు అడ్డుపడుతుందని చాలామంది శాస్త్రజ్ఞుల ఊహ. ఊహ నిజమైనా కాకపోయినా గుర్తుపట్టేవాడికి ఆ పళ్ళు వరం. దీనికి ఆఫ్రికాలో దగ్గరి చుట్టాలున్నాయి. గులెల్లా అనే ప్రజాతిలో వందల జాతులు. వాటిని ఒకదాన్నుంచి ఒకటి విడదీసేది ముఖ్యంగా ఈ పళ్ళ అమరికే.

కొరాపుట్, రాయగడ పల్లెల్లో నత్తలంటే తెలియనివారు లేరు. వరిమళ్ళలో, చెరువుల్లో దొరికే పెద్ద నీటినత్తలను ఒడియాలో గెండా అంటారు, కూర వండుకుంటారు. మన వైపు గోదావరి జిల్లాల్లో నత్తల కూర సంగతి చెప్పనక్కర్లేదు. గుల్లల్ని కాల్చి గుల్లసున్నం చేసేవారు కాబట్టి గుల్లంటే సున్నమని మన పెద్దలకు రసాయనశాస్త్రం రాకముందే తెలుసు. ఆ సున్నం కాల్షియం కార్బొనేట్. దాని మీద పలచని పొర ఒకటి ఉంటుంది, రంగూ మెరుపూ చాలావరకు ఆ పొరవే. నత్త చచ్చాక కొన్నాళ్ళకు పొర ఊడిపోతుంది, గుల్ల సున్నంలా తెల్లబడుతుంది. ఈ చిన్న వివరం గుర్తుంచుకోండి, రంగు దగ్గర మళ్ళీ అవసరం పడుతుంది. ఇంతకీ కూరకి పనికిరాని, సున్నానికి చాలని ఈ 6 మిల్లీమీటర్ల నత్తకు ఏ భాషలోనూ ఊరివాళ్ళ పేరు ఉన్నట్టు లేదు. లాటిన్ పేరుతోనే సరిపెట్టుకోవాలి.

జల్లెడ పట్టే పని తేలికే గానీ ఏరే పని కళ్ళు పీకేస్తుంది. దానికో ఉపాయముంది. జల్లించిన పొడిని నీడలో ఆరబెట్టి, బాగా ఆరాక బక్కెట్టు నీళ్ళలో మెల్లగా వదలాలి. మట్టి అడుగుకు పోతుంది. ఖాళీ గుల్లల్లో గాలి చిక్కుకుని ఉంటుంది కాబట్టి అవి పైకి తేలతాయి. బొమ్మలు వేసే సన్న కుంచెను తడిపి అంటిస్తే చాలు, గుల్ల దానికే అంటుకుని వస్తుంది. వేళ్ళతో పట్టుకుంటే పగులుతుంది. లోపల నత్త ఉన్న గుల్లలు మట్టితోపాటు మునుగుతాయి కాబట్టి తేలినవన్నీ చచ్చినవాటివే. కాబట్టి ఆ చోట ఏయే జాతులు బతికాయో తెలుస్తుంది గానీ ఇవాళ ఏవి బతికున్నాయో తెలియదు. బతికినవి కావాలంటే ఆరబెట్టకముందే ఓపిగ్గా ఏరుకోవాలి.

చేతికి వచ్చిన గుల్లను చూసేందుకు చిన్న పళ్ళెంలో సన్నని ఇసుక పోసి అందులో గుచ్చి నిలబెట్టడం పాత పద్ధతి. ఎటు కావాలంటే అటు తిప్పి నిలపవచ్చు, జారదు. కొన పైకి, మూతి మన వైపు. అప్పుడు మూతి కుడివైపు ఉంటే అది కుడిచుట్టు గుల్ల, ఎడమవైపు ఉంటే ఎడమచుట్టు. ఇక్కడ తెలుగువాళ్ళు ఒక్క క్షణం ఆగాలి. మన పూజల్లో అపురూపంగా చూసుకునే దక్షిణావర్త శంఖం జంతుశాస్త్రం లెక్కలో ఎడమచుట్టుది. మనం శంఖాన్ని కొన కిందికి పెట్టి చూస్తాం, శాస్త్రజ్ఞులు కొన పైకి పెట్టి చూస్తారు. అదే వస్తువు, రెండు పేర్లు. నేలనత్తల పుస్తకం పట్టుకున్నప్పుడు మాత్రం కొన పైకే. హట్టొనెల్లాది కుడిచుట్టు. అదే ఆకుచెత్తలో మూతిమూత ఉన్న డిప్లొమ్యాటినా ప్రజాతి నత్తలు దొరికితే వాటిలో ఎడమచుట్టువీ ఉంటాయి.

గుల్లను పైనుంచి చూసి చుట్లు లెక్కపెట్టడం ఈ విద్యలో మొదటి మెట్టు. కొన దగ్గర గుల్ల మొదలైన చోట అరచంద్రాకారంలో ఒక భాగం కనిపిస్తుంది. గుడ్డులో ఉండగానే పిల్లనత్త కట్టుకున్న గుల్ల అక్కడ మొదలవుతుంది. ఆ అరచంద్రం అంచున అడ్డంగా ఒక గీత ఊహించుకోండి. ఆ గీతను కుట్టు ఎన్నిసార్లు దాటితే అన్ని చుట్లు. కుట్టంటే చుట్టూ చుట్టూ కలిసే గాడి. మూతి అంచు దాకా పావు చుట్టు తేడా రాకుండా లెక్కపెట్టాలి. పిల్లగుల్ల ఎక్కడ ముగిసి, బయటికి వచ్చాక కట్టిన గుల్ల ఎక్కడ మొదలైందో కూడా చాలా జాతుల్లో స్పష్టంగా తెలుస్తుంది. గీతల తీరు మారుతుంది, కొన్నిట్లో రంగూ మారుతుంది.

చుట్ల లెక్క ఎందుకంత ముఖ్యమంటే, అది గుల్ల వయసు చెబుతుంది. కొత్తగా చూసేవారు చిన్న గుల్ల కనబడగానే ఇది ఏ జాతి అని అడుగుతారు. అంతకుముందు అడగాల్సిన ప్రశ్న వేరు: ఇది పెద్దదా, పిల్లా? కొలత ఒక్కదాన్ని నమ్ముకుంటే ఎంత దెబ్బ తింటామో ఆఫ్రికా పెద్ద నత్త చూపిస్తుంది. మన కూరతోటల్ని రాత్రికి రాత్రి గొరిగేసే ఆ రాక్షసనత్త మన దేశానికి వచ్చిన కథ అందరికీ తెలియాల్సినదే. విలియం హెన్రీ బెన్సన్ అనే కంపెనీ ఉద్యోగి, నత్తల పిచ్చి ఉన్నవాడు, 1847లో మారిషస్ నుంచి కొన్నిటిని కలకత్తా తెచ్చాడు. చౌరంగీలో ఒక తోటలో వాటిని వదిలేశారు. ఆ తర్వాతది చరిత్ర. అరచేతికి మించి పెరిగే ఆ నత్త పిల్ల గుడ్డులోంచి వచ్చేటప్పుడు 5 మిల్లీమీటర్లు మాత్రమే ఉంటుంది, సరిగ్గా మన హట్టొనెల్లా అంత. కొలబద్ద పెడితే రెండూ ఒకటే. చుట్లు లెక్కపెడితే పిల్లకు రెండు మూడుకు మించవు. హట్టొనెల్లాకు ఏడెనిమిది ఉంటాయి. అదే కొలతలో అన్ని చుట్లు కట్టిన గుల్ల నిదానంగా పెరిగి పూర్తయినదని అర్థం. రెండు చుట్లున్నది ఇంకా పని మొదలుపెట్టినదే.

పిల్లదశలో ఉన్న హట్టొనెల్లా మరీ చిక్కు. దానికి మందపాటి పెదవి ఉండదు, పళ్ళూ ఇంత పూర్తిగా ఏర్పడి ఉండవు. మూతి అంచు బ్లేడులా పలచగా ఉంటుంది, తాకితే విరుగుతుంది. పళ్ళు లేవు కాబట్టి ఇది హట్టొనెల్లా కాదని కొట్టేసేవారు ఎందరో. లేని గుర్తును బట్టి తీర్పు చెప్పేముందు ఆ గుర్తు ఏర్పడే వయసు వచ్చిందా అని చూసుకోవాలి. పిల్లగుల్లలకు ప్రజాతి పేరు దాకా చెప్పి వదిలేయడం మర్యాద. అదే జల్లెడలో ఒక్క పెద్ద గుల్ల దొరికితే దాని పక్కన పెట్టి పోల్చుకోవచ్చు.

ఇప్పుడు మన గుల్లకు దగ్గరగా కనిపించేవాటి మాట. కొరాపుట్, రాయగడ వంటి చోట్ల ఆకుచెత్తలో పొడుగ్గా, సన్నగా ఉండే గుల్లలు వెదికేవాడికి చాలా తగులుతాయి. ముందు వరసలో నిలిచేది అల్లోపియస్ గ్రాసిలే. తోటల్లో, పూలకుండీల్లో, పెంటకుప్పల పక్కన, మన దేశమంతా దొరికేది ఇదే. ఎత్తు 7 నుంచి 12 మిల్లీమీటర్లు, లేత పసుపు. కొన మొద్దుగా ఉంటుంది. చుట్లు ఒక్కొక్కటి కాస్త ఉబ్బి, కిందికి వచ్చేకొద్దీ క్రమంగా వెడల్పవుతాయి. హట్టొనెల్లా అలా కాదు. మొదటి మూడు నాలుగు చుట్లు అయ్యాక వెడల్పు పెరగడం దాదాపు ఆగిపోతుంది, గుల్ల స్తూపంలా నిలువుగా దిగుతుంది. ఈ ఒక్క తేడా అలవాటైతే భూతద్దం లేకుండానే రెంటినీ విడదీయవచ్చు. అనుమానం తీరకపోతే మూతి చూడాలి. అల్లోపియస్ మూతిలో పళ్ళుండవు, పెదవి ఎప్పటికీ మందం కాదు. మరి పెదవి మందం కాని నత్త పెద్దదయిందని ఎలా తెలుస్తుంది? బతికున్నదాన్ని వెలుతురుకు ఎత్తి చూస్తే గుల్లలోంచి గుడ్లు గుండ్రంగా, తెల్లగా కనిపిస్తాయి. అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

తర్వాత సుబులినా ఆక్టోనా. ఇది అమెరికా ఉష్ణమండలం నుంచి మొక్కల మట్టితో వచ్చిన చుట్టం, 17 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. అల్లోపియస్‌కు అన్నలా కనిపిస్తుంది. ఈ రెంటికీ తేడా ఇరుసులో ఉంది. చుట్లన్నీ దేని చుట్టూ తిరుగుతాయో ఆ నడిమి స్తంభం మూతి అడుగున వచ్చి ఎలా ముగుస్తుందో చూడాలి. అల్లోపియస్‌లో అది అడుగు పెదవిలోకి నున్నగా కలిసిపోతుంది. సుబులినాలో హఠాత్తుగా తెగ్గోసినట్టు ఆగుతుంది, అక్కడ చిన్న గండి పడుతుంది. ఈ గండి గ్లెస్సులా ప్రజాతికీ ఉంటుంది. గ్లెస్సులాలు మన ఉపఖండం సొంత సరుకు. గోధుమరంగులో నిగనిగలాడుతూ, సుబులినా కంటే బొద్దుగా, అడుగు చుట్టు పెద్దదిగా ఉంటాయి. ఆఫ్రికా రాక్షసనత్త పిల్లకూ ఇరుసు తెగే ఉంటుంది. గండి ఒక్కటే చూసి సంబరపడితే మళ్ళీ చుట్ల లెక్క దగ్గరికే రావాలి.

పళ్ళున్న గుల్లలు ఇంకా ఉన్నాయి. గాస్ట్రోకాప్టా ప్రజాతి నత్తల మూతిలోనూ పళ్ళు నిండుగా ఉంటాయి. కానీ అవి 2 మిల్లీమీటర్ల పిందెలు, బొద్దువి. ఎండకు ఓర్చుకునే ప్యూపాయిడెస్ సీనోపిక్టస్ పొట్టిగా, గోధుమరంగులో, వెడల్పాటి పెదవితో ఉంటుంది. ఇక కాలియెల్లా బరాక్‌పొరెన్సిస్‌ను హట్టొనెల్లా అనుకునే ప్రమాదం లేదు గానీ అదే గుడ్డ మీద రాలుతుంది కాబట్టి చెప్పాలి. 3 మిల్లీమీటర్ల శంకువు. కింది చుట్టు అంచున పదునైన గీర ఉంటుంది. గీరకు పైన సన్నని నిలువు గీతలు, కింద నున్నని మెరుపు. కలకత్తా పక్కనున్న బారక్‌పూర్ పేరు మోస్తూ ఆఫ్రికా, మడగాస్కర్ దాకా, బ్రిటన్‌లో వేడి గాజుగదుల దాకా తిరిగొచ్చిన నత్త అది.

బైకలర్ అంటే రెండు రంగులది. పుస్తకంలో ఆ పేరు చదివి, చేతిలో ఉన్న పాలతెలుపు గుల్లను చూసి, రెండో రంగు ఏదని వెదికేవారు ఉంటారు. రెండో రంగు గుల్లది కాదు, నత్తది. బతికున్న హట్టొనెల్లా ఒళ్ళు పసుపు నుంచి ఎరుపు కలిసిన నారింజ దాకా ఉంటుంది. గుల్ల గాజులా పారదర్శకం కాబట్టి ఆ రంగు పైకి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఒళ్ళున్నంత మేర ఒక రంగు, లేనంత మేర ఇంకో రంగు. నత్త చచ్చి ఒళ్ళు కుళ్ళిపోగానే గుల్ల గాజులా మిగులుతుంది, మరికొన్నాళ్ళకు పైపొర పోయి సున్నమవుతుంది. ఒకే జాతి గుల్లలు మూడు మీ ముందు పెడితే ఒకటి నారింజ, ఒకటి గాజు, ఒకటి తెలుపు. రంగుతో మొదలుపెట్టినవాడు మూడు జాతులు రాసుకుంటాడు. రంగును చివరికి వదిలి, ఆకారం, చుట్లు, మూతి, బొడ్డు, గీతలు చూసినవాడు ఒక్క జాతి రాస్తాడు. బొడ్డంటే అడుగున ఇరుసు దగ్గర ఉండే చిల్లు. కొన్నిట్లో లోతైన గుంటగా ఉంటుంది, కొన్నిట్లో పెదవి దాన్ని కప్పేస్తుంది. పిల్లల్లో తెరుచుకుని, పెద్దయ్యాక మూసుకునే జాతులూ ఉన్నాయి.

ఈ నత్తకు పేరు పెట్టినవాడు కెప్టెన్ థామస్ హట్టన్, బెంగాల్ సైన్యంలో అధికారి. 1834లో ఏషియాటిక్ సొసైటీ ఆఫ్ బెంగాల్ పత్రికలో భారతదేశపు నేలగుల్లల మీద ఒక వ్యాసం రాశాడు. ఉత్తరభారతంలో సేకరించినవాటికి అందులో పేర్లు పెట్టాడు. మన గుల్లకు ప్యూపా బైకలర్ అన్నాడు. అల్లోపియస్ గ్రాసిలేకూ ఆ వ్యాసంలోనే బులిమస్ గ్రాసిలిస్ అని నామకరణం జరిగింది. తర్వాతివారు ప్యూపా బైకలర్‌ను ఎన్నియాలోకి, గులెల్లాలోకి, హట్టన్ పేరుతోనే ఏర్పడ్డ హట్టొనెల్లాలోకి మార్చారు. ఇంటిపేరు ఎన్ని మారినా బైకలర్ అన్న సొంతపేరు మారలేదు. పాత పుస్తకాలు తిరగేసేటప్పుడు ఈ ఇంటిపేర్లన్నీ దగ్గర పెట్టుకోవాలి. ఆ పుస్తకాల్లో పెద్దవి ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా వరసలోని నేలనత్తల సంపుటాలు: 1908లో బ్లాన్‌ఫర్డ్, గాడ్విన్-ఆస్టెన్‌లది, 1914లోనూ 1921లోనూ గూడ్ రాసినవి. నూరేళ్ళు దాటినా వాటిని పక్కన పెట్టి పని చేసే పరిస్థితి ఇంకా రాలేదు.

తూర్పు కనుమల నత్తల చరిత్రలో రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ పేరు రాకుండా ఉండదు. మద్రాసు అటవీశాఖను ఏళ్ళ తరబడి నడిపినవాడు. చెట్లు, పాములు, బల్లులు, నత్తలు, ఏదీ వదల్లేదు. మూతిమూత ఉన్న దక్షిణభారత, సింహళ నేలనత్తల మీద 1875లో, గ్లెస్సులాల మీద 1906లో వ్యాసాలు రాశాడు. అప్పటికి ఇప్పటి కొరాపుట్, రాయగడ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లా కింద ఉండేవి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డాకే అటు వెళ్ళాయి. రాయగడ 1992లో వేరు జిల్లా అయింది. అంచేత లండన్ మ్యూజియంలో పాత చీటీ మీద వైజాగపట్నం అని ఉన్నంత మాత్రాన అది మన సముద్రతీరం గుల్లని అనుకోకూడదు.

చీటీల్లో ఇంకా చిత్రాలున్నాయి. గోల్కొండ కొండలు, వైజాగపట్నం దగ్గర అని బెడ్డోమ్ రాసిన చోటు హైదరాబాదు కోట కాదు, అరకు దగ్గరి గాలికొండ. జయపురాన్ని ఇంగ్లీషువాళ్ళు రాసిన స్పెల్లింగుతోనే రాజస్థాన్ జైపూర్‌నూ రాసేవారు. ఎడారి అంచు ఊరికీ వానకొండల ఊరికీ ఒకే చీటీ! చోటు సరిగ్గా తెలియకపోతే ఏమవుతుందో ఒక బల్లి కథ చెబుతుంది. జయపురం కొండల్లో పటింగే అనే కొండ మీద దొరికిన ఒక్క బల్లిని చూసి బెడ్డోమ్ 1878లో దానికి జైపొరెన్సిస్ అని పేరు పెట్టాడు. ఆ తర్వాత 130 ఏళ్ళకు పైగా అది ఎవరికీ చిక్కలేదు. ఈ శతాబ్దంలో పరిశోధకులు మళ్ళీ ఆ కొండలు గాలిస్తే దొరికింది. జానెడు లేని బల్లికే ఈ గతి పట్టిందంటే 6 మిల్లీమీటర్ల నత్త సంగతి ఊహించుకోండి.

చోటు విషయంలో నదులు కూడా మోసం చేస్తాయి. నాగావళికి వరద వచ్చి తగ్గాక రాయగడ దగ్గర ఒడ్డున పుల్లలూ నురగా ఎండి గీతలా మిగులుతుంది. నత్తలు ఏరేవారికి అది నిధి, ఒక్క గంపలో పది జాతులు దొరకవచ్చు. తేలే గుణమే వాటిని అక్కడికి తెచ్చింది. కాబట్టి ఆ గుల్ల రాయగడదా, పైన కలహండి కొండలదా చెప్పలేం. దిగువన శ్రీకాకుళం జిల్లాలో ఏరితే అది ఒడిశా నత్తో ఆంధ్ర నత్తో తేల్చడానికి సరిహద్దు కమిషన్ కూడా చాలదు. వరదచెత్తలో ఏరినదైతే ఆ మాట చీటీ మీద రాయాల్సిందే.

కొరాపుట్, రాయగడ జిల్లాల్లో నత్తలు ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ అన్నది రాయి కూడా నిర్ణయిస్తుంది. ఇక్కడి కొండల్లో ఎక్కువ భాగం ఖొండలైట్. 1902లో వాకర్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు ఇక్కడి కోందు తెగ పేరు మీద పెట్టిన పేరది. కోణార్క గుడి కట్టిన రాయి అదే. లక్షల ఏళ్ళ వానలకు ఈ రాయి కరిగి, కడుక్కుపోయి, పైన బాక్సైటు టోపీ మిగిలింది. దమన్‌జోడి పక్కన నాల్కో తవ్వే పంచపట్‌మాలి, తవ్వకం వద్దని 2013లో గ్రామసభలు తేల్చి చెప్పిన నియమగిరి, రెండూ ఆ టోపీ ఉన్న కొండలే. ఆ ఎర్రమట్టిలో అల్యూమినియం, ఇనుము ఉంటాయి గానీ సున్నం చాలా తక్కువ. సున్నం కరువైన నేలలో నత్తలు తగ్గుతాయి, ఉన్నవాటి గుల్లలు పలచబడతాయి. పైగా ఆమ్లగుణమున్న తడిమట్టి ఖాళీ గుల్లను త్వరగా తినేస్తుంది. సున్నపురాయి ఉన్న గుప్తేశ్వరం గుహల దగ్గర, ఇటు మన బొర్రా గుహల దగ్గర లెక్క తిరగబడుతుంది. అక్కడ సున్నానికి కొదవ లేదు, రాతి సందుల్లో తడి ఎండాకాలం కూడా నిలుస్తుంది, చచ్చిన గుల్లలు ఏళ్ళ తరబడి చెక్కుచెదరవు. గుప్తేశ్వరంలో దోసెడు మట్టికి దొరికినన్ని గుల్లలు దేవమాలి కొండ వాలులో గంపెడు మట్టికి దొరక్కపోయినా ఆశ్చర్యపడక్కర్లేదు. దొరకలేదు కాబట్టి నత్తలు లేవని రాసేముందు అవి అక్కడ నిలవ ఉంటాయా అని ఆలోచించాలి. చైత్ర వైశాఖాల్లో పోడుకు పెట్టిన నిప్పు ఆకుచెత్తను కాల్చిన చోట వెదికితే నత్తలూ ఉండవు, గుల్లలూ ఉండవు.

ఇక గుల్ల ఎక్కడ చేతులెత్తేస్తుందో చూద్దాం. హట్టొనెల్లాకు పళ్ళున్నాయి, అదృష్టవంతురాలు. మన తోటల్లో కనిపించే మాక్రొక్లామిస్ వంటి నిగనిగలాడే చదును గుల్లలకు అలాంటి గుర్తు ఏదీ లేదు. అన్నీ నున్నగా, లేత గోధుమరంగులో, ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఈ సంగతి బాగా పట్టుకున్నవాడు హెన్రీ హావర్‌షామ్ గాడ్విన్-ఆస్టెన్. హిమాలయాల సర్వేకి వెళ్ళినవాడు, కే2 శిఖరానికి ఆయన పేరు కూడా ఉంది. మంచుకొండలు కొలిచిన చేత్తోనే భారతదేశపు నత్తల్ని కోసి లోపలి జననాంగాల బొమ్మలు గీశాడు. 1882 నుంచి 1920 వరకు విడతలు విడతలుగా వచ్చిన ఆయన గ్రంథం చూస్తే, బయటికి ఒకేలా ఉన్న గుల్లల లోపల వేరు వేరు నత్తలున్నాయని పేజీ పేజీకీ తెలుస్తుంది. ఇప్పుడు డీఎన్ఏ పరీక్ష ఆ పనే ఇంకా సన్నగా చేస్తోంది. అందుకే బతికిన నత్త దొరికితే గుల్ల ఒక్కటే దాచి ఒళ్ళు పారేయకూడదు, చిక్కటి ఆల్కహాలులో వేయాలి. ఫార్మలిన్ డీఎన్ఏను పాడు చేస్తుంది. ఖాళీ గుల్లలైతే మందుగొట్టాల్లో వేసి, చోటు, తేదీ, ఎత్తు, ఏ చెట్టు కింద, తేలినదా బతికినదా అన్నవి పెన్సిలుతో రాసి లోపలే పెట్టాలి. కలకత్తాలో 1916లో మొదలైన జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో నత్తల మీద పనిచేసేవారున్నారు. వారికి కావలసింది అందమైన గుల్ల కాదు, ఇలాంటి చీటీ ఉన్న గుల్ల.

గుల్ల చెప్పలేని ఇంకో సంగతి నత్త బతుకు. అంత సన్నని, నాజూకైన గుల్లను చూసి అది ఏ నాచో బూజో తిని బతుకుతుందనుకుంటాం. హట్టొనెల్లా మాంసాహారి. స్ట్రెప్టాక్సిడే కుటుంబమంతా అంతే. దాని నాలుక మీది పళ్ళు పొడవుగా, మొనదేలి ఉంటాయి. తన సన్నని ఒంటిని ఎర గుల్ల మూతిలోకి జొనిపి, లోపలి మాంసాన్ని లాగి తింటుంది. ఎక్కువగా తినేది అల్లోపియస్, సుబులినా వంటి సన్న గుల్లల నత్తల్నే. అంటే హట్టన్ 1834లో ఒకే వ్యాసంలో పేర్లు పెట్టిన రెండు నత్తల్లో ఒకటి రెండోదానికి ఆహారం. మొక్కల మట్టితో అల్లోపియస్ ప్రపంచమంతా పాకింది. వెనకే హట్టొనెల్లా కూడా కరీబియన్ దీవులకు, అమెరికా దక్షిణ రాష్ట్రాలకు, ఆస్ట్రేలియాకు, సీషెల్స్‌కు చేరింది. కాబట్టి దీన్ని చూడాలంటే రాయగడ దాకా వెళ్ళి తీరాలనేం లేదు. మీ ఊరి నర్సరీలోనో పెరట్లోనో కుండీ ఎత్తి అడుగు చూడండి. అల్లోపియస్ గుల్లలు ఎక్కువగా ఉన్న కుండీతో మొదలుపెట్టండి.